గల్లికి నాలుగు లక్షలు

పొద్దుగాల లేవంగనే మొహం కూడ కడుక్కోకుండ ఫోన్ చేతుల పట్టుకునుడు నాకు అలవాటు, అమ్మ దానికి పెట్టే శాపనార్థాలు పక్కకు పెడితె, మొన్న ఆదివారం గట్లనే మంచంల పండుకొని వేలు జరుపుతుంటె, ఆరేండ్ల కింద ఇదే దినం అనుకుంట ఫోనే ఒక ఫొటో తెచ్చి నా కండ్ల ముందల పెట్టింది. భువనగిరిల ఒక గల్లి. రెండు దిక్కుల పెంకుటిండ్లు, ఆ కొసకు గుట్ట, నడిమిట్ల మా బాపు. వీపు నా దిక్కు, చేతులు వెనకకు కట్టుకొని, తల వంచుకొని, అంగలు లెక్కపెట్టుకుంట పోతున్నడు. ఎవ్వరన్న చూస్తె ఎంత మంచిగున్నది ఫొటో అంటరు. నాకు మాత్రం ఇప్పటికి అది చూస్తె నెత్తిల నరాలు చిట్లుతయి, ఎందుకంటె ఆ దినం బాపు ఏసిన ఒక్కొక్క అంగ మాకు ఎంతకు పడ్డదో నాకే తెలుసు. అదే టైంకు బయట ఎవరో లొల్లి పెడుతున్నరు. నేను వినీవిననట్టు పండుకున్న. ఆ లొల్లి సంగతి చివరికి చెప్త.

మన వయసోళ్లకు కొత్తగ చెప్పేదేముంది, మనం సంపాయించుడు షురూ జేసేటాలకు కొనాల్సినయన్ని మన చేతికి అందకుంట పైకి పోయినయి. నాకప్పుడు ఇరవై ఐదు నడుస్తుండె. హైదరాబాద్‌ల ఒక కంపెనీల పొద్దంత ఫోన్ల కస్టమర్ల తిట్లు వినుడే నా నౌకరి, వాళ్ల మీద ఎగిరే హక్కు లేదు గాబట్టి ఆ గుస్సంత ఇంటికి తెచ్చి అమ్మ మీద, బాపు మీద, ఒక్కొక్కసారి కుక్కర్ మీద కూడ దింపేదాన్ని. బాపుది నేత పని. భువనగిరి పక్క ఊరు మాది, కని నాకు మూడేండ్లున్నప్పుడే మగ్గం కడుపు నింపకపోతె మమ్ముల ఏసుకొని పట్నం వచ్చిండు, వచ్చి ఒక చీరల దుకాణంల ఇరవై రెండేండ్లు వేరేటోళ్లు నేసిన చీరలు ఇప్పి చూపెట్టుడు, మల్ల మడత పెట్టుడు, గదే పని జేసిండు. ఆయన ఇప్పి పెట్టిన మగ్గం భువనగిరిల మా మామ ఇంట్ల, అంటె అమ్మ తమ్ముని ఇంట్ల, వెనక రేకుల కింద తాడ్‌పత్రి కప్పుకొని పడి ఉండేది. మేం చుట్టపు చూపుగ పోయినప్పుడల్లా బాపు ఆ తాడ్‌పత్రి లేపి, కట్టెకు చెదలు పట్టిందా అని గోరుతోని గీకి చూసి మల్ల కప్పి వచ్చేటోడు. నాకది పిచ్చి లెక్క కొట్టేది.

నాకు నౌకరి వచ్చిన ఏడే దుకాణం సేటు కొడుకులు కొత్త అద్దాల బల్లలు పెట్టించి, నిలబడి అమ్మేటోళ్లు కావాలె, కింద కూసునేటోళ్లు ఒద్దని బాపును ఇంటికి పంపిండ్రు. అదే నెలల మామ ఇల్లు కూలగొట్టి పిల్లర్లేస్తున్న, దసర లోపల మగ్గం తీస్కపోతిరా సరే, లేకపోతె కట్టె పొయ్యిలకు పోతదని కబురు పెట్టిండు. పాపం, మామది గూడ తప్పు లేదు, జాగ ఆయనది. ఆ దినం అన్నం తినుకుంట బాపు ఒక్కటే మాట అన్నడు, చేతులు ఇంకో పదేండ్లు పని జేస్తయేమో అని. నన్ను అడగలే. ఆయన ఎన్నడు ఏది అడగడు, గదే నాకు మండుతది. ఇల్లు నేను కొంట అన్న. అన్నంక బ్యాంకోళ్ల సుట్టు తిరిగిన, నా జీతం కాయితాలు చూసి ఇంత ఇస్తం అన్నరు, ఆ ఇంతలనే ఇల్లు రావాలె.

కిరాయికి తీసుకుంటె అయిపోయేది గదా అని మీకు అనిపించొచ్చు, నాకు గూడ అనిపించింది. గాదు. బాపుది గుంట మగ్గం. నేల తవ్వి గుంట జెయ్యాలె, గుంటల కాళ్లు పెట్టుకొని కూసొని నెయ్యాలె. ఏ కిరాయి ఇంటాయన తన ఇంట్ల నడుమ గుంత తవ్వనిస్తడు? అపార్ట్‌మెంట్‌ల మూడో అంతస్తుల తవ్వితె రెండో అంతస్తోని నెత్తి మీద పడతం. అందుకని సొంత ఇల్లే కావాలె, అదీ నేల మీద ఉన్నదే కావాలె, దసర లోపలనే కావాలె.

ఇగ భువనగిరిల రేట్లు. తెలంగాణ వచ్చింది, తర్వాత భువనగిరి జిల్లా అయింది, జిల్లా అయిన దినం నుంచి ఆ ఊర్ల గోడ కూలిన ఇల్లుకు గూడ కొమ్ములొచ్చినయి. తలుపు లేదేందన్నా అంటె జిల్లా అయింది గదమ్మ. నీళ్లు రావా అంటె ముందుముందు వస్తయి, జిల్లా అయింది గద. ఒకాయనైతె పైకప్పులకెల్లి మబ్బు కనవడే ఇల్లు చూపెట్టి, పట్నపోళ్లంత ఇటే వస్తున్నరు, మీరు కొనకపోతె రేపు మీరే ఏడుస్తరు అన్నడు. నేను ఆడనే ఫోన్ తీసి, పక్క గల్లిల ఇల్లు ఎంతకు పోయింది, సర్కారు లెక్కల ఆ జాగకు ధర ఎంత, అన్ని ఆయన మొహం ముందల పెట్టిన. ఆయన ఫోన్ దిక్కు చూడలే, బాపు దిక్కు చూసి, మీ పిల్ల మస్తు సదివింది అన్నడు. అది మెచ్చుకునుడు గాదని బాపుకు తప్ప అందరికి సమజైంది.

గట్ల తిరుగంగ తిరుగంగ మామ ఈ ఇల్లు పట్టుకొచ్చిండు. ఇంటాయన గొర్లోళ్ల మనిషి, అరవై దాటినోడు, తలకు రుమాలు, గొర్లను అంగడికి తీస్కపోయే ట్రాలీ ఆటో ఒకటి, ఆ గల్లి మొదట్ల సొంత ఇల్లు. అమ్మేది దాని పక్కదే, మూడు అర్రలు, ముందటి అర్ర మట్టి నేల. ఇరవై రెండు లక్షలు చెప్పిండు. నేను ఫోన్ల అన్ని చూసుకున్న, గోడల వయసు, పెంకల లెక్క, ఎనక స్నానాల గదికి పైకప్పు లేకపోవుడు, అన్ని తీసేసుకుంట పోతె అది పదమూడు కంటె ఒక్క రూపాయి ఎక్కువ చెయ్యదు. పదమూడు తోని షురూ జేసి, మరీ గుంజితె పదహారుకు ఆగుదాం అని మనసుల రాసి పెట్టుకున్న. ఉప్పల్‌ల బస్సు ఎక్కిన కాడికెల్లి అమ్మకు, బాపుకు పాఠం చెప్పిన. ఇల్లు మంచిగుందని ఎవ్వరు అనొద్దు. నవ్వొద్దు. చాయ పోస్తె తాగండ్రి, కని ఇంకో కప్పు అడగొద్దు. గోడలు తడిమి పెదవి ఇరవండ్రి. అమ్మకు ఇది పుట్టుకతోని వచ్చిన విద్య, ఆమెకు చెప్పాల్సిన పని లేకుండె. బాపు, సరే బిడ్డా అన్నడు.

లోపల గూడ బాపు సక్కగనే ఉన్నడు. అమ్మ గోడకు గోరు పెట్టి సున్నం రాలగొట్టింది, ఎనక అర్రల ముక్కు మూసుకున్నది, నేను దూలాలను లైటేసి ఫొటోలు తీస్తున్న, ఇంటాయన సప్పుడు జెయ్యక రుమాలు సర్దుకుంట చూస్తున్నడు. అంత నేననుకున్నట్టే పోతున్నది. చూసేసరికి బాపు లేడు. బయటికొచ్చి చూస్తె గిదిగో, ఈ ఫొటోల ఉన్నట్టు, గల్లి నడిమిట్ల నడుస్తున్నడు. నాకు ఏం సమజ్ గాలే, ఊకె తిరుగుతున్నడేమో అనుకొని, గుట్ట మంచిగ కనవడుతున్నదని నేనే ఫొటో కొట్టిన. నా అంత తెలివిగల్లది మల్ల ఉంటదా! ఆయన ఆ కొస దాక పోయి తిరిగొచ్చి, నా చెవుల మెల్లగ, యాభై రెండు అంగలు, యాడ వంకర లేదు బిడ్డా అన్నడు. అన్నప్పుడు ఆయన మొహం చూడాలె. ఇరవై రెండేండ్ల దుకాణం నౌకరిల ఆ మొహం నేను ఒక్కసారి గూడ చూడలే.

నా ఎనక గడపల నిలబడ్డ ఇంటాయన గూడ ఆ మొహం చూసిండు.

అర్రల మల్ల కూసున్నంక నేను గొంతు సవరించుకొని పదమూడు అనబోయేటాలకు ఆయన రుమాలు తీసి మోకాలి మీద పెట్టుకొని, ఇరవై ఆరు అన్నడు. అది విని మామ, అదేందే, నాకు ఇరవై రెండని చెప్తివి గదనే అన్నడు. అప్పుడు ఇంటాయన నా దిక్కు తిరిగి, నవ్వుకుంట అన్న మాట నేను సచ్చేదాక మర్వ.

“ఇల్లు ఇరవై రెండుకే ఇస్త బిడ్డా, మాట మారలే. గల్లికి నాలుగు.”

చెప్తున్నడు, ఎంత నిమ్మలంగ చెప్తున్నడో, ఆయన చిన్నప్పుడు ఆ గల్లిల నేతోళ్లు పొద్దుగాల పడుగు చాపేటోళ్లంట. పడుగంటె మగ్గానికి పొడుగు పోగులు, నేసేముందు వాటిని గల్లి పొడుగున కట్టి గంజి పెట్టి దువ్వి ఆరబెడతరు, నాకు గూడ అప్పటిదాక సరిగ్గ తెల్వదు. ఈయన గొర్లను తోలుకొని వస్తె, పడుగు ఆరేదాక గల్లి మొదట్లనే ఆపేటోళ్లంట, ఒకసారి ఆగకుంట తోలితె నేతోళ్లు ఈపు పలగ్గొట్టిండ్రంట. మీ బాపు ఇంట్ల గోడలు చూడలే, గల్లి కొలిచిండు, ఆయనకు గల్లే కావాలె, నాకు తెల్వదా అన్నడు. నాకు కండ్లు తిరిగినయి. మున్సిపాలిటోళ్ల గల్లి, నాలుగు కుక్కలు పండుకునే గల్లి, దానికి రేటా? నేను లేచి నిలబడి గల్లి ఏమన్న నీ అయ్య సొత్తా అన్న. పెద్దమనిషిని పట్టుకొని అట్లనే అన్న, నీ అని. అమ్మ నా చెయ్యి గుంజింది, మామ తల పట్టుకున్నడు, ఇంటాయన మాత్రం కోపం గూడ జెయ్యలే, చాయ సల్లారుతున్నది తాగు బిడ్డా అన్నడు. తాగలే. బయటికొచ్చి గల్లి మొదట్ల ఆగి ఉన్న ఆయన ట్రాలీ టైర్‌ను ఒక్క తన్ను తన్నిన, కాలి బొటనవేలు రెండు వారాలు వాచింది.

బస్సుల దారి పొడుగున బాపును తిట్టిన. నవ్వొద్దని చెప్పిన గదా, కొలిచేదుంటె నాకు చెప్తె ఫోన్ల కొలిచేదాన్ని గదా, మ్యాపుల వేలు పెడితె ఎన్ని అడుగులో అదే చెప్తది, నడిచే పనేముండె. బాపు కిటికీల నుంచి బయటికి చూసుకుంట, ఫోన్‌కు వంకర తెలుస్తదా బిడ్డా అని అడిగిండు. ఎగతాళి గాదు, నిజంగనే అడిగిండు. నాకు ఇంకింత మండింది.

తర్వాత మూడు వారాలు ఆదివారమాదివారం ఇండ్లు చూసినం. చూసిన ఒక్కొక్క ఇల్లు బాపు మంచిగనే ఉంది అనుడు. బండలేసిన నేల, మంచిగనే ఉంది. ముందల మోరి, మంచిగనే ఉంది. పదిహేనుకే వచ్చే ఇల్లు ఒకటి దొరికింది, గోడలు గట్టియి, నల్లా ఉంది, నేనైతె ఆడనే బయానా ఇద్దామనుకున్న. అది గల్లి మూలకు ఉంటది, ముందల పది అంగలు పోంగనే మలుపు. బాపు గడప దాటి బయటికి వచ్చిండు, మలుపు దిక్కు చూసిండు, నడవలే. చెప్పులేసుకొని నిలబడ్డడు అంతే. అప్పుడు నాకు ఎరుకైంది, ఆ మూడు వారాలల్ల ఏ ఒక్క ఇంటి ముందల గూడ ఆయన ఒక్క అంగ ఏసి చూడలేదని. దసరకు ఇంక పద్దెనిమిది రోజులున్నయి, మామ ఇంటి వెనక కట్టె ఉన్నది, ఈయన గిట్ల ఊకె నిలబడుతున్నడు. నేను రోడ్డు మీదనే ఒర్లిన, నీకు ఏం కావాల్నో నోరు తెరిచి చెప్పవా, చెప్పకుంట నన్ను సంపుతవా, ఆ ఇల్లుకు నువ్వైతె ఎంత ఇస్తవో చెప్పు అని.

అప్పటిదాక ఆయనను ఆ మాట ఎవ్వరు అడగలేదు. బ్యాంకోళ్లు నన్నడిగిండ్రు, మామ నన్నడిగిండు, నేను ఫోన్‌ను అడిగిన. బాపు అన్నడు.

“నన్నడిగితె గల్లికే ఇస్త బిడ్డా. ఆ ఇల్లు ఊకెనే ఇచ్చినా నాకొద్దు.”

ఆ రెండు మాటలు పట్టుకొని నేను బస్టాండ్ దాక గుస్సతోనే నడిచిన, బస్టాండ్‌ల నిలబడ్డంక గుస్స ఆగలే గని ఎటు పోవాల్నో సమజైంది. నేను ఇన్ని దినాలు తప్పు వస్తువుకు బేరమాడుతున్న. ముసలోడు ఒక్కడే సరైన దానికి రేటు కట్టిండు, కట్టి, దానితోని ఆ పాడుగోడలను గూడ మాకు అంటగడుతున్నడు. సరే, ఆయన లెక్కనే ఆయన మీదికి తిప్పాలె అనుకున్న. బస్సు ఎక్కలే, ముగ్గురం మల్ల వెనకకు నడిచి, మామకు ఫోన్ చేసి రమ్మని, ఆ గల్లికే పోయినం.

ఇంటాయన గొర్లకు కుడితి పెడుతున్నడు. నన్ను చూసి, కాలు నొప్పి తగ్గిందా బిడ్డా అని అడిగిండు, అంటె టైర్‌ను తన్నుడు గూడ చూసిండన్నట్టు. నేను సిగ్గు పడకుంట సీదా మాటలకు దిగిన. గల్లికి నాలుగు అన్నరు, నాలుగు ఇస్త, పైస తక్కువ లేదు, ఇంటికి మాత్రం పదమూడే అన్న. ఆయన మొదలు నవ్విండు, గల్లి ఎవడన్న అమ్ముతడా పిల్లా, నేను పరాష్కానికన్న అన్నడు. మీరు అమ్ముతనన్నరు, మా బాపు కొంటనంటున్నడు, ఇందుల పరాష్కమేముంది అన్న. కొన్న గల్లి మాదైతది గదా, పడుగు చాపిన దినం ఆరేదాక మీ ట్రాలీ గల్లిల ఉండొద్దు, మీ గొర్లు గల్లి మొదట్లనే ఆగాలె, వేరేటోళ్ల బండ్లొస్తె మీరే ఆపాలె, గివన్ని కాయితం మీద రాసిస్తె నాలుగు, రాయకపోతె గల్లికి సున్న, ఇంటికి పదమూడు, మేం పోతం.

మామ నా దిక్కు చూసి, ఓ కోడలా, నువ్వు తప్పిపోయి ఆఫీసుల కూసున్నవే, అంగట్ల ఉండేదానివి అన్నడు. ఇంటాయన నవ్వు ఆగింది. గల్లి దిక్కు చూసిండు, బాపు దిక్కు చూసిండు. బాపు ఇంటి గడప మీద కూసొని నేల మీద వేలుతోని గుంట గీత గీస్తున్నడు, మల్ల అదే తప్పు, నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి పదిహేను, గల్లికి నాలుగు, నేనిచ్చిన మాటకు నా కొడుకులు గూడ కట్టుబడుతరు అన్నడు ముసలాయన. నేను పదహారుకు ఆగాలనుకున్న మనిషిని, పంతొమ్మిదికి తలకాయ ఊపిన. గల్లి సంగతి వినంగనే కాయితం రాసేటాయన కలం కింద పెట్టి, ఇసొంటిది నా బతుకుల రాయలే అన్నడు. రాసిండు. దసరకు రెండు దినాల ముందు మగ్గం వచ్చింది, చెదలు పట్టలే.

ఇల్లు ఎక్కువకు కొన్నం అని నాకు ఇప్పటికి కోపమే, వానొస్తె ఎనక అర్రల బకెట్ పెట్టినప్పుడల్లా పంతొమ్మిది లక్షలు చుక్కచుక్కగ లెక్కపెట్టుకుంట. అయితె ముసలాయన మాట తప్పలే. ఎప్పుడు బాపు పడుగు చాపినా ఆయన ట్రాలీ రోడ్డు మీదనే ఆగింది, గొర్లు గల్లి మొదట్ల గుంపుగ నిలబడి అరిచినయి. గల్లే మారిపోయింది. సిమెంట్ రోడ్డు వడ్డది, ఆ కొసకు పెంకుటిండ్లు కూలగొట్టి మూడంతస్తులేసిండ్రు, వాటి మెట్లు గల్లిలకొచ్చినయి, మెట్లెక్కేటోళ్ల బండ్లు గూడ వచ్చినయి. గల్లిల బాపుది గాక ఇంకొక్క మగ్గమే ఆడుతున్నది. ముసలాయన అడ్డం నిలబడి చెప్పినా ఎవ్వలు ఇంటరు, ఎంతమందిని ఆపుతడు, కాయితం మీద సంతకం చేసింది ముసలాయనొక్కడే గద.

మొన్న ఆదివారం బయట అయిన లొల్లి ఆయనదే. నేను శనివారం పట్నంకెల్లి కారేసుకొని వచ్చిన, పోయిన ఏడు కొన్న, ఇంక కిస్తులు నడుస్తున్నయి. వచ్చి ఎప్పటిలెక్క ఇంటి ముందల ఆపి పండుకున్న. ఆ పొద్దుగాల పడుగుందని బాపు నాకు చెప్పలే, లేపలే, కారు పక్కకెల్లి ఎట్లనో వంకర పెట్టుకొని చాపుకుందామని చూస్తున్నడంట. ముసలాయన చేతికట్టె పట్టుకొచ్చి మా తలుపు కొడుతున్నడు. నేను ఫోన్ చేతుల పట్టుకొని, గదే ఫొటో తెరిచి ఉండంగనే, ఎవర్రా అనుకుంట గుస్సతోని తలుపు తీసిన.

“నాలుగు లచ్చలకు అమ్మిన గల్లి ఇది. బండి తియ్యి పిల్లా.”

రాత్రి బట్టల మీదనే పోయి కారు తీసి రోడ్డు మీద, ఆయన ట్రాలీ ఎనక పెట్టి వచ్చిన. వచ్చేసరికి బాపు అంగలు కొలుస్తున్నడు. చేతులు వెనకకు కట్టుకొని, తల వంచుకొని, అదే నడక, కాకపోతె జర మెల్లగ. నేను ఫోన్ తీసి అదే జాగల నిలబడి మల్ల ఫొటో కొట్టిన, కొట్టి, మనసుల ఆయనతోపాటే లెక్కపెట్టిన. మూడంతస్తుల మెట్ల కాడ ఆగిండు. ముప్పై ఎనిమిది. ఆగి, ఆ మెట్ల దిక్కు ఒకసారి చూసి, ఏం అనకుంట, పడుగు పొట్టి జేసుకుందాం అని తిరిగిండు. ఎగిరి లొల్లి పెట్టాల్సినోడు ఎన్నడు పెట్టడు, ఎగిరేదాన్ని నేను, నా కారు గూడ ఆ బండ్లల్ల ఒకటి.

ఆ దినం గల్లికి నాలుగు అంటె దోపిడి అనుకున్న. ఇప్పుడు ఆ పోయిన పద్నాలుగు అంగలు ఎవడన్న అమ్ముతనంటె ఎంతకైనా కొంట, ఫోనంత గాలించినా అమ్మేటోడు దొరకడు.